బ్రష్ కట్టర్ ఇంజిన్‌ని మోడల్ విమానానికి ఎక్కించే ముందు

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే చాలు, మా తెనాలి వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, పాత గడ్డి కోసే మిషన్ ఒకటి దొరికింది, దాని ఇంజిన్ తీసి విమానానికి పెట్టొచ్చా?" అని. పెట్టొచ్చు. అమెరికాలో ర్యోబి 31 సీసీ లాంటి ట్రిమ్మర్ ఇంజిన్లని ఇంట్లోనే మార్చుకుని ఎన్నో ఏళ్ళుగా ఎగరేస్తున్నారు. మన దగ్గర వ్యవసాయ పనిముట్ల షాపుల్లో దొరికే 43 సీసీ, 52 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్లూ పనికొస్తాయి. విమానాల కోసమే చేసిన పెట్రోల్ ఇంజిన్ ధరతో పోలిస్తే చాలా చవక కూడా. కానీ చేయి వేసే ముందు ఒక్క విషయం బాగా అర్థం చేసుకోండి.

ఈ గడ్డి కోసే మిషన్‌లో, అంటే బ్రష్ కట్టర్‌లో, ఇంజిన్ స్టార్ట్ అయి నెమ్మదిగా ఆడుతున్నంతసేపూ బ్లేడు తిరగదు, మధ్యలో క్లచ్ ఉంటుంది కాబట్టి. చుట్టూ ప్లాస్టిక్ కవర్లు, బ్లేడుకి గార్డు, చేతికందే చోట ఆపే స్విచ్చి, స్టార్ట్ చేయడానికి వెనక తాడు. మనం విమానం కోసం బరువు తగ్గిస్తున్నాం అనుకుంటూ విప్పి పక్కన పడేసేవి సరిగ్గా ఇవే. అవన్నీ పోయాక ఇంజిన్ అంటుకున్న మొదటి క్షణం నుంచే ప్రొపెల్లర్ తిరుగుతుంది, దాన్ని ఆపేది ఏదీ ఉండదు. 20 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 6,500 సార్లు తిరిగితే దాని కొన గంటకి 620 కిలోమీటర్ల పైన వేగంతో పోతుంటుంది, కంటికి కనిపించను కూడా కనిపించదు. తీసేసిన ప్రతి రక్షణకీ బదులు మీరే ఏదో ఒకటి ఏర్పాటు చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆపే ఏర్పాటు. దీని గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను భయపడింది ఇక్కడే. ఎలక్ట్రిక్ మోడల్స్ అలవాటైనవాళ్ళు వైరు పీకేస్తే ఆగిపోతుంది అనుకుంటారు. మాగ్నెట్ కాయిల్ ఉన్న ఇంజిన్‌కి అది తలకిందులు. కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు ఇంజిన్ బాడీకి తగిలితేనే కరెంటు ఎర్త్ అయి ఇంజిన్ ఆగుతుంది, ఆ వైరు ఊడిపోతే ఇక స్విచ్చితో దాన్ని ఆపే దారే లేదు. నా మొదటి ఇంజిన్‌కి వైబ్రేషన్ వల్ల ఆ వైరు టంకం దగ్గర తెగిపోయింది. స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా ఆగలేదు, మా తమ్ముడు తోక పట్టుకుని ఉంటే నేను వెనకనుంచి చేయి పోనిచ్చి చోక్ (కార్బురేటర్‌కి గాలి అందకుండా మూసే మూత) మూసి ఆపాను. ఆ రోజు చేతులు వణికిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇప్పుడు రెండు దారులు పెడుతున్నాను. ఒకటి, సర్వోతో (రిమోట్ చెప్పినట్టు కదిలే చిన్న మోటారు) నొక్కే ఎర్త్ స్విచ్చి, రిమోట్‌లో దానికి వేరే ఛానల్. రెండు, చోక్‌కి ఇంకో సర్వో. రిమోట్ సిగ్నల్ పోతే థ్రాటిల్ పూర్తిగా దిగిపోయి ఇంజిన్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేయండి, విమానాన్ని కట్టేసి ఉంచి ఇంజిన్ నడుస్తుండగా రిమోట్ ఆపేసి కళ్ళతో చూడండి. సెట్ చేశాం కదా అని వదిలేయొద్దు.

తర్వాత ప్రొపెల్లర్ బిగించే హబ్. క్లచ్ షూలు తీసేశాక ఫ్లైవీల్ (క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీద మిగిలే రెండు బోల్టు రంధ్రాలు చూడగానే వాటికే ప్రొపెల్లర్ బిగించేద్దాం అనిపిస్తుంది. అలా చేయకండి. హబ్ క్రాంక్ షాఫ్ట్ మీదే సరిగ్గా కూర్చోవాలి, మంచి లేత్ షాపులో చేయించండి, బిగించాక డయల్ గేజ్ (వంకరని కొలిచే ముల్లు మీటర్) పెట్టి తిప్పి చూడండి. వంకర కంటికి కనిపిస్తోందంటే అది చాలా ఎక్కువ వంకర, ఇంకోటి చేయించండి. బరువు తగ్గుతుందని ఫ్లైవీల్ రెక్కలు గ్రైండర్‌తో కోసేవాళ్ళని చూశాను. పోత అల్యూమినియం అది, కోశాక బ్యాలెన్స్ పోతుంది, ఎక్కడో సన్న పగులు పడితే ఆ వేగంలో ముక్కలై ఎగురుతుంది. కొన్ని గ్రాముల కోసం ఆ పని వద్దు. ఫ్లైవీల్‌ని కదలకుండా పట్టుకునే అర్ధచంద్రాకారపు కీ కూడా చూడండి, అది కాస్త తెగినా టైమింగ్ మారి ఇంజిన్ వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ మీ వేళ్ళకే. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య సందు 0.3 మిల్లీమీటర్ల దాకా, అంటే ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే సరిపోతుంది.

ప్రొపెల్లర్ కొనే ముందు, స్టార్టర్ తాడు ఇంకా ఉండగానే, స్పార్క్ ప్లగ్ తీసి తాడు మెల్లగా లాగి, ఇంజిన్ ముందు నిలబడి ఎటు తిరుగుతోందో చూసుకోండి. మామూలు ప్రొపెల్లర్లు ముందునుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరిగేవి. 52 సీసీకి 20కి 8 (20 అంగుళాల పొడవు, 8 అంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకి పోయే లెక్క) చెక్క ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి, నైలాన్‌ది మాత్రం ఇంత పెద్ద ఇంజిన్‌కి వద్దు. చెక్క ఒత్తుకుపోతుంది కాబట్టి మొదటి రన్ అయ్యాక బోల్టులు మళ్ళీ బిగించాలి. అంచు కాస్త చిట్లినా అతికించి వాడే ప్రయత్నం చేయకుండా విరగ్గొట్టి పారేయండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు మళ్ళీ తీసి పెడతారు. కొనలకి తెల్ల రంగు వేయండి.

పెట్రోల్ సంగతి. గ్లో ఇంజిన్లకి (మిథనాల్‌తో నడిచే చిన్న మోడల్ ఇంజిన్లు) వాడే సిలికాన్ ట్యూబులు పెట్రోల్‌కి ఉబ్బి మెత్తబడిపోతాయి, పెట్రోల్‌కి ఆగే ట్యూబు, ట్యాంక్ బిరడా విడిగా తీసుకోండి. కొత్త ఇంజిన్‌కి మొదట్లో లీటరుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చుకుంటుంది, కార్బురేటర్ లోపలి పల్చని డయాఫ్రమ్‌ని గట్టిపడేలా చేస్తుంది. కాబట్టి రోజు అయిపోగానే ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్‌ని అదే ఆగేదాకా నడపండి.

మాగ్నెట్ కాయిల్ స్పార్క్ రేడియోని చెడగొట్టగలదు. రెసిస్టర్ ఉన్న ప్లగ్ వేయండి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని ఇంజిన్‌కి కనీసం అడుగు దూరంలో స్పాంజిలో చుట్టి పెట్టండి, థ్రాటిల్‌కి ఇనప కడ్డీ కాకుండా నైలాన్‌ది వాడండి.

స్టార్ట్ చేసేటప్పుడు ఇద్దరు ఉండాల్సిందే. తోకని గట్టి గుంజకి కట్టండి, తాడుకి మాత్రమే వదిలేయకుండా ఒక మనిషి పట్టుకోవాలి. లుంగీ, తువ్వాలు, మెడలో వేలాడే కాలేజీ ఐడీ కార్డు, ఇయర్‌ఫోన్ వైరు, ఇవేవీ ఒంటి మీద ఉండకూడదు. వేళ్ళతో తిప్పకండి, మందమైన తోలు గ్లవ్ ఒకటి వేసుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఇంజిన్ అంటుకోగానే ప్రొపెల్లర్ వెనక్కి వచ్చేయండి, కార్బురేటర్ స్క్రూలు వెనకనుంచే తిప్పండి. ప్రొపెల్లర్ పక్కన, అంటే అది తిరిగే వలయానికి సూటిగా ఎవరూ నిలబడకూడదు. రెక్క విరిగితే ముక్క పోయేది అటే.

ఇక చేలు. సంక్రాంతికి వరి కోసేశారు, పొలమంతా ఖాళీ అనుకుంటాం. మా డెల్టాలో వరి కోయకముందే మినుము చల్లేస్తారు, మీకు మోళ్ళు కనిపిస్తాయి కానీ వాటి మధ్య మొలకలుంటాయి. రైతుని అడక్కుండా దిగకండి. గడ్డివాములు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి, పెట్రోల్ ట్యాంక్‌తో విమానం వాము మీద పడితే ఆ ఇంటి పశువులకి ఏడాది మేత పోతుంది. కరెంటు తీగలు, కొంగల గుంపులు, పండగ రోజుల్లో గాలిపటాల దారాలు కూడా చూడండి, అందుకే నేను భోగి నుంచి కనుమ దాకా అసలు ఎగరేయను. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు గ్రీన్ జోన్‌లో (ముందుగా అనుమతి అక్కర్లేని చోటు) ఉందో లేదో చూడండి. గ్రీన్‌లో 400 అడుగులు దాటకూడదు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే. ఈ ఇంజిన్‌తో విమానం ఎలాగూ 2 కిలోలు దాటుతుంది. సరదాగా ఎగరేసే 2 కిలోల లోపు వాటికి ఉన్న రిమోట్ పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు దీనికి వర్తించదు.

పిల్లల గురించి చెప్పాలి. విమానం దిగగానే ఊళ్ళో పిల్లలందరూ దాని వైపు పరుగెత్తుకొస్తారు, ఇంజిన్ ఇంకా ఆడుతూనే ఉంటుంది, తిరిగే ప్రొపెల్లర్ వాళ్ళకి కనపడదు. అందుకే ఎగరేయకముందే ఊళ్ళో పెద్దవాళ్ళలో ఒకర్ని అడిగి గట్టు మీద నిలబెట్టండి. పిల్లల్ని గట్టు దాటనివ్వకుండా చూడటమే ఆయన పని, విమానం వైపు చూడక్కర్లేదు. చక్రాలు నేలకి తగలగానే ఇంజిన్ ఆపేయండి, నడిపించుకుంటూ మీ దగ్గరికి తెచ్చుకోవాలని ఆశపడొద్దు. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగాక మీరే నడిచి వెళ్ళి తెచ్చుకోండి, ప్లగ్ క్యాప్ పీకి, అప్పుడు ఆ పెద్దాయనకి చెయ్యి ఊపండి.