మేడ మీద పిట్టలకు దాణా – నాలుగో పాఠం: పావురాలు దిగినప్పుడు

పోయిన పాఠంలో పిట్టగోడ మీద వెడల్పాటి మూకుడు పెట్టి జొన్నలు పోయమన్నాను. విజయవాడ పటమట నుంచి, గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఒకటే గోడు: వారం తిరక్కుండానే పావురాలు దిగాయి, పిచ్చుకలు రావడం మానేశాయి. తప్పు నాదే. చదునైన గోడ, వెడల్పాటి అంచు, లావు గింజ మూడూ కలిపితే అది పావురానికి వేసిన విస్తరి. కొండ చరియల్లో గూడు కట్టే జాతి అది. మన పిట్టగోడలు, సన్‌షేడ్లు దానికి చరియలే. అందుకని పికిలి పిట్టల పాఠం వచ్చేసారికి జరిపాను.

ముందు మూడు రోజులు గింజ పూర్తిగా ఆపండి. నీళ్ల మూకుడు ఉంచండి. రెట్టలను నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయండి. పొడిగా ఊడిస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

“పావురాలకు వేరే మూలన పోస్తే అటు పోతాయి కదా” అని చాలామంది రాశారు. దయచేసి ఆ పని చేయకండి. పిచ్చుక తన పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులు తెచ్చి పెట్టాలి. పురుగు దొరక్కపోతే మేడ నిండా గింజలున్నా పిల్లలు దక్కవు. పావురానికి ఆ ఇబ్బంది లేదు. తల్లికీ తండ్రికీ గొంతుసంచిలో పాలలాంటి పదార్థం ఊరుతుంది; అదే పిల్లల నోట్లో పోస్తాయి. అంటే మీరు పోసిన జొన్నలే ఆ పాలవుతాయి. విడతకు 2 గుడ్లు, దాదాపు 18 రోజుల పొదుగు. తిండి దొరికితే ఏడాది పొడవునా పెడతాయి. పాత పిల్లలు గూడు వదలకముందే కొత్త గుడ్లు పడతాయి. వేరే మూలన పోసిన గింజతో మంద పెరుగుతుంది, పెరిగిన మంద మొదటి మూలకే వస్తుంది. జీవకారుణ్యంతోనే పోస్తున్నారని నాకు తెలుసు. ఆకలితో వెనుదిరిగిన పిచ్చుకదీ ప్రాణమే కదా.

ఇక ఉపాయం. నాకు అన్నింటికన్నా నచ్చేది మన ఊళ్లలో గుడి మండపాల్లో, ఇంటి చూరుకు కట్టే వరి కుచ్చు. సంక్రాంతికి ముందు కోతలప్పుడు పల్లెలో బంధువులను అడిగితే కంకులు ఇస్తారు. గోడకు రెండు మూరల దూరంలో, సన్న తీగతో వేలాడదీయండి. పిచ్చుక కంకిని గోళ్లతో పట్టుకుని తలకిందులుగానైనా తింటుంది. మా ఇంట్లో ఒక పావురం ప్రయత్నించింది: రెక్కలు టపటపలాడిస్తూ కుచ్చు మీద వాలబోయింది, కంకులు వంగి కాళ్లు జారాయి, రెండోసారీ అంతే. తర్వాత గోడ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. గోడ దగ్గరగా కడితే మాత్రం అక్కడి నుంచే మెడ చాచి తినేస్తుంది.

కంకులు దొరకని నెలల్లో వెల్డ్ మెష్ (గళ్ల తీగ జాలీ)తో పంజరంలాంటి గూడు చేసి, లోపల గింజలు పెట్టండి. జాలీ కన్ను ఒకటిన్నర అంగుళం ఉండాలి. పిచ్చుక దూరుతుంది, పావురం దూరదు. గింజల పళ్లెం నడిమధ్యన, మెష్‌కు అన్ని వైపులా జానెడు ఎడంగా ఉండాలి. కోసిన తీగ మొనలు వంచేయండి. కొర్రలు గానీ నూకలు గానీ ఉదయం గుప్పెడు వేయండి, అరగంటలో అయిపోయేంతే. కింద రాలినవి వెంటనే ఎత్తేయండి.

అభ్యాసం: గింజ మళ్లీ మొదలుపెట్టిన రోజు నుంచి 14 రోజులు, ఉదయం 6 నుంచి 6:30 వరకు కదలకుండా కూర్చోండి. ప్రతి ఐదు నిమిషాలకు పిచ్చుకలెన్ని, పావురాలెన్ని అని నోటుపుస్తకంలో రాయండి. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి లెక్క. పావురం మెష్‌లో తల దూర్చి గింజ అందుకుంటే, ఏ వైపు నుంచి అందుకుందో గీసి పంపండి.