మట్టిదారిలో బైకు: కొత్తగా మొదలుపెట్టేవారికి

తారురోడ్డు మీద పదేళ్ళుగా బండి నడుపుతున్నవారు కూడా మొదటిసారి మొరం దారిలోకి దిగినప్పుడు ఒకే రకం పొరపాటు చేస్తారు. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటారు, సీటు మీద బరువంతా వేసి కూర్చుంటారు, ముందు చక్రం ఎటు జారుతుందోనని దాని వైపే చూస్తూ నడుపుతారు. తారు మీద టైరు నేలను వదలదు. మట్టిలో అది కాస్త జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ జారుతుంది. ఆ జారుడుకు బెదరకుండా బండిని దాని దారిన పోనివ్వడం ఆఫ్‌రోడ్ విద్యలో సగం. తక్కిన సగం, మనిషి నడిచే వేగంతో బండిని అదుపులో ఉంచగలగడం. నాలుగైదు ఆదివారాలు కేటాయించగలిగితే ఈ రెండూ ఊరి పక్కన ఎండిన చెరువు శిఖంలోనే చాలావరకు పట్టుబడతాయి. అందుకు లడఖ్ దాకా వెళ్ళనక్కర లేదు.

ఏ బండి, ఎంత బరువు

ఉన్న బండితో మొదలుపెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. స్ప్లెండర్ మీద రెండు పాలక్యాన్లు కట్టుకుని డొంకదారుల్లో తిరిగేవారిని రోజూ చూస్తున్నాం కనుక, మొదటి రెండు మూడు వారాలకు అది పనికిరాదని నేను అనలేను. అయితే నిలబడి నడపడానికి దాని హ్యాండిల్ మరీ కిందికి ఉంటుంది, సస్పెన్షన్ ఆట తక్కువ, 18 అంగుళాల ముందుచక్రం గుంతలో పడినంత సులభంగా బయటికి రాదు. ఈ సరదా నిలుస్తుందని తేలాక మట్టికోసం చేసిన బండి కొనుక్కోవడం మేలు.

మన దగ్గర కొత్తవారికి ఎక్కువగా వినిపించే పేరు హీరో ఎక్స్‌పల్స్. అదే కంపెనీ 2011లో ఇంపల్స్ అనే 150 సీసీ బండిని తెచ్చి కొన్నేళ్ళకు ఆపేసింది. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 ఆ ఖాళీని పూరించింది. ముందు 21 అంగుళాలు, వెనుక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ, సుమారు 160 కిలోల బరువు, ఏ పట్టణంలోనైనా విడిభాగాలు దొరకడం, వీటన్నిటి వల్ల నేర్చుకునేవారికి అది సరిపోతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మంచి బండే, కానీ దాని బరువు 196 కిలోలు. పడిపోయిన బండిని ఎండలో నాలుగోసారి లేపేటప్పుడు ఆ 36 కిలోల తేడా ఏమిటో నడుముకు తెలుస్తుంది. మోటోక్రాస్ కోసమే, అంటే మట్టి ట్రాక్ మీది పందేల కోసమే చేసిన కవాసాకి కేఎక్స్ లాంటి బళ్ళకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి వాటిని ట్రాక్ దాకా ట్రాలీ మీదే చేరవేయాలి. మొదటి బండిగా వాటి జోలికి పోవద్దు.

సీటు ఎత్తు గురించి అనవసరంగా భయపడేవారు ఎక్కువ. ఎక్స్‌పల్స్, హిమాలయన్ రెండిటి సీటూ సుమారు 825 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోయినా, ఒక పిరుదును పక్కకు జరిపి ఒక కాలు గట్టిగా ఆనించగలిగితే చాలు. ఎక్స్‌పల్స్ ప్రో రకంలో మాత్రం సీటు 891 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. పొడగరులకు తప్ప దాన్ని సిఫారసు చేయను. పాత బండి కొనేటట్లయితే చక్రాన్ని తిప్పుతూ ఒక్కొక్క స్పోక్ మీద చిన్న స్పానర్‌తో మెల్లగా తట్టి చూడండి. బిగువుగా ఉన్న స్పోక్ ఖంగున మోగుతుంది, వదులైనది డొక్కుగా పలుకుతుంది. ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో, హ్యాండిల్ నడిమధ్యలో పట్టేసినట్టు ఆగుతోందేమో కూడా చూసుకోవాలి.

బండికన్నా ముందు బూట్లు

హెల్మెట్ గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. హెల్మెట్లకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 4151 ముద్ర ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ తప్పనిసరి, దుమ్ములో వెళ్తాం కనుక గాగుల్స్ పెట్టుకునే వీలున్నదైతే ఇంకా మంచిది. చాలామంది నిర్లక్ష్యం చేసేది బూట్లను. మట్టిలో పడినప్పుడు మనిషి దూరంగా ఎగిరి పడడం అరుదు. నిదానంగా, పక్కకు, బండితోపాటే ఒరిగి పడతాడు. ఆ ఒరగడంలో పాదం ఫుట్‌పెగ్ కిందో సైలెన్సర్ కిందో ఇరుక్కుని చీలమండ మెలిపడుతుంది. స్పోర్ట్స్ షూస్ ఆ మెలికను ఏమాత్రం ఆపవు. పిక్క దాకా వచ్చి, చీలమండను పక్కలకు వంగనివ్వని గట్టి మోటోక్రాస్ బూట్లు మొదటి రోజు చెక్కముక్కల్లా అనిపిస్తాయి, గేరు ఎక్కడుందో కూడా కాలికి తెలియదు. రెండు వారాల్లో అలవాటవుతుంది. డబ్బు తక్కువైతే బండిని ఆరు నెలలు వాయిదా వేయండి గాని బూట్లను వాయిదా వేయకండి. వాటి తరువాత మోకాలి కవచాలు, చేతి గ్లవ్స్, ఛాతీకీ వెన్నుకూ రక్షణ.

పడిన బండిని లేపడం

ఇది మొదటి పాఠం కావాలి. మెత్తని నేల మీద, ఒక స్నేహితుడి సాయంతో, బండిని మీరే మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి. ముందు కిల్ స్విచ్ నొక్కి ఇంజన్ ఆపాలి. బండి కుడివైపుకు పడి ఉంటే, లేపకముందే ఎడమవైపున్న సైడ్‌స్టాండును తెరిచి, గేరులో ఉంచాలి. లేకపోతే లేపిన ఊపులో అది అవతలివైపుకు పడుతుంది. హ్యాండిల్‌ను నేలవైపుకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి గొంతుకూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్ చివరను, రెండో చేత్తో వెనుక గ్రాబ్‌రైలును పట్టుకుని, చిన్న అడుగులతో వెనక్కి నడుస్తున్నట్టు లేవాలి. బరువును మోయవలసింది తొడలు. ముందుకు వంగి చేతులతో లాగినవారు మరునాడు మంచం దిగరు. ఎడమవైపు పడిన బండికి స్టాండు తీసే వీలుండదు కనుక, సగం లేచాక తుంటితో ఆపి నిలబెట్టడం నేర్చుకోవాలి.

చెరువు శిఖంలో అభ్యాసం

స్థలం విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. కార్తీకం దాటాక చెరువుల అంచులు ఎండుతాయి, కోతలైన పొలాలు ఖాళీగా ఉంటాయి, ఎండ కూడా భరించేలా ఉంటుంది. పొలమైతే యజమానిని అడగాలి; అడిగితే కాదనేవారు తక్కువ, అడగకుండా గట్టు చెడగొడితే ఊరుకునేవారూ తక్కువే. సైలెన్సర్ మార్చి పెద్ద చప్పుడు చేసుకుంటూ వెళ్తే పశువులు బెదురుతాయి, ఊరు రెండోసారి రానివ్వదు. పైగా అలాంటి మార్పులు 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కుదరవు. అడవుల సంగతి వేరు. రిజర్వు అడవుల్లోకి, నల్లమలలోని అమ్రాబాద్, నాగార్జునసాగర్‌–శ్రీశైలం పులుల అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా బండి తీసుకుపోవడం నేరం. దారి కనిపించింది కదా అని దిగవద్దు.

మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి. ట్యూబు ఉన్న టైర్లకు 18 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య ఉంచితే టైరు కాస్త పరుచుకుని నేలను పట్టుకుంటుంది. ఇంకా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా రెండు చోట్ల పంచరవుతుంది. చిన్న గాలిపంపు, గేజీ వెంట ఉండాలి, ఎందుకంటే తిరిగి రోడ్డెక్కేముందు గాలి మళ్ళీ నింపాలి.

మొదట నిలబడడం నేర్చుకోండి. పాదాల మధ్యభాగాన్ని పెగ్గుల మీద ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచి వాటితో ట్యాంకును నొక్కి, తుంటిని కాస్త వెనక్కి జరిపి, మోచేతులను బయటికి ఎత్తి నిలబడాలి. ఇలా నిలబడితే మీ బరువు సీటు ఎత్తులో కాక పెగ్గుల ఎత్తులో బండికి అందుతుంది, గతుకు వచ్చినప్పుడు మీ కాళ్ళే రెండో సస్పెన్షన్‌గా పనిచేస్తాయి, బండి మీ కింద అటూ ఇటూ ఊగినా మీరు ఊగరు. హ్యాండిల్ మీద పట్టు సజీవంగా ఉన్న పిచ్చుకను పట్టుకున్నంత ఉంటే చాలు. చేతులు నొప్పెడుతున్నాయంటే మోకాళ్ళు పనిచేయడం లేదని అర్థం.

రెండోది హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను పూర్తిగా నొక్కకుండా, పూర్తిగా వదలకుండా సగంలో ఆడించడం. పది అడుగుల దూరంలో రెండు రాళ్ళు పెట్టి, వాటి చుట్టూ మొదటి గేరులో, కాలు కింద పెట్టకుండా, ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి అలాగే ఉంచి, వేగాన్ని క్లచ్‌తో ఒక వేలు, రెండు వేళ్ళ కదలికలో పెంచడం, తగ్గించడం, అవసరమైతే వెనుక బ్రేకును తాకడం. ఇక్కడ చూపు ముఖ్యం: ఈ రాయిని చుడుతున్నప్పుడే అవతలి రాయిని చూడాలి. మొదటి రోజు పది ప్రయత్నాల్లో ఏడుసార్లు కాలు కింద పడుతుంది. మట్టిలో మలుపు తిరిగేటప్పుడు బండిని వంచాలి గాని మనం దానితోపాటు వంగకూడదు. బయటివైపు పెగ్గు మీద బరువు వేసి, శరీరాన్ని నిటారుగా ఉంచితే టైరు నేలను అదుముకుని తిరుగుతుంది. తారురోడ్డు అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు.

బ్రేకుల దగ్గర ఒక అపోహ ఉంది, మట్టిలో ముందు బ్రేకు ముట్టుకోకూడదని. ముట్టుకోవాలి, కానీ నిటారుగా వెళ్తున్నప్పుడు, ఒకటి రెండు వేళ్ళతో, నిమ్మపండును పిండినట్టు క్రమంగా. బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్‌ను వెనుక చక్రానికి ఆపే వీలున్న బండి అయితే దాన్ని ఆపి, కావాలనే వెనుక చక్రాన్ని లాక్ చేసి జారనివ్వండి. ఆ జారుడు ఎంత మామూలు విషయమో కాళ్ళకు తెలియడానికే ఈ అభ్యాసం.

చెరువు కట్ట ఎక్కడం, దిగడం చివరికి. ఎక్కేముందే ఊపు తీసుకోవాలి, ఎక్కుతుండగా గేరు మార్చకూడదు, శరీరం ముందుకు ఉండాలి. మధ్యలో ఆగిపోతే ముందు బ్రేకు ఒక్కటే బండిని ఆపలేదు, ముందు చక్రం మీద బరువుండదు కనుక అది వెనక్కి జారుతుంది. గేరులోనే ఉంచి క్లచ్ వదిలేస్తే ఇంజనే పట్టుకుంటుంది. దిగేటప్పుడు మొదటి గేరు, తుంటి వెనక్కి, క్లచ్ పట్టుకోకుండా, రెండు బ్రేకులూ తేలికగా.

నేలను చదవడం

ఎర్రమట్టి, మొరం నేర్చుకునేవారికి అనుకూలమైనవి. ఇసుకలో మాత్రం పద్ధతి మారుతుంది: బరువు వెనక్కి వేసి, రెండో గేరులో యాక్సిలరేటర్ తగ్గించకుండా పోవాలి, ముందు చక్రం పాములా ఆడుతుంటే ఆడనివ్వాలి. వేగం తగ్గించారో, ముందు చక్రం కూరుకుపోతుంది.

నల్లరేగడి గురించి నాకు ఒక రైతు చెప్పాడు. తొలకరి పడిన రెండో రోజు, పైకి ఆరినట్టు కనిపించిన పత్తి చేను పక్క బాటలోకి దిగాను. ఇరవై గజాలు పోయానో లేదో, మట్టి టైరుకు పూతలా చుట్టుకుని మడ్గార్డు కింద గట్టిపడి, ముందు చక్రం తిరగడమే మానేసింది. ఇంజన్ మోగుతోంది, బండి కదలడం లేదు. పుల్లతో గీకుతుంటే గట్టు మీది పెద్దాయన తన చేతిలో ఉన్న కొడవలి అందించి, "రేగట్ల వాన వడ్డంక ఎడ్లే కదలవు బిడ్డా, నీ బండి కదులుతదా" అన్నాడు. గీకడానికి ముప్పావు గంట పట్టింది. అప్పటినుంచి, బాటలో దిగేముందు బూటు మడమతో నేలను గుచ్చి చూస్తాను; మడమకు మట్టి అంటుకుని వస్తే ఆ రోజుకు ఆ దారి లేదు.

వాగు దాటవలసి వస్తే ముందు నడిచి చూడాలి. మోకాలు దాటిన నీటిలోకి కొత్తవారు దిగవద్దు, వరద పారుతున్న లోలెవల్ వంతెన మీదికి ఎవరూ దిగవద్దు. నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. గాలిదారిన లోపలికి వెళ్ళిన నీరు పిస్టన్ మీద చేరి ఇంజన్‌ను లోపలినుంచే విరగ్గొడుతుంది.

మొదటి కొన్ని నెలలు ఒంటరిగా వెళ్ళకపోవడం మంచిది. మూడు లీటర్ల నీళ్ళు ఉంచుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. డబ్బు వెచ్చించగలిగితే ఒకటి రెండు రోజుల శిక్షణ చాలా తప్పులను మొదట్లోనే సరిచేస్తుంది. వేల కిలోమీటర్లు సాగే ఆఫ్‌రోడ్ పోటీ అయిన డాకర్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ కర్ణాటకలో కోలారు దగ్గర ఉంది. చిత్తూరు జిల్లా వారికి అది పక్క ఊరితో సమానం. ట్రాక్ మీద పోటీలో దిగేటట్లయితే మామూలు బండి బీమా పోటీలకు వర్తించదని ముందే గుర్తుంచుకోవాలి.

ఇంటికి వచ్చాక నీళ్ళ పైపు పట్టుకునేముందు సీటు పక్క మూత తీసి ఎయిర్ ఫిల్టర్ చూడండి. మొరం దుమ్ములో ఒక్క ఆదివారం తిరిగినా అది కుంకుమ చల్లినట్టు ఎర్రబడి ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, స్పోకులు మరొకసారి తట్టి చూసి, వదులైన బోల్టులు బిగించాకే బండి కడగాలి. కడిగి ఆరాక చైన్ తుడిచి ఆయిల్ వేయాలి. కడిగేటప్పుడు చక్రం బేరింగుల మీదికి, చైన్ మీదికి ప్రెషర్ వాటర్ నేరుగా కొట్టకండి.