పొగ మానేద్దాం – 4వ పాఠం: టీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు

ఈసారి చేతి అలవాటు గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ మూడో పాఠం తర్వాత మీరు పంపిన కబుర్లు చదివాక నికోటిన్ గమ్ దగ్గరికే వెనక్కి రావాల్సి వచ్చింది. అంటే సిగరెట్ బదులు నోట్లో వేసుకునే గమ్, పొగాకులో మనల్ని కట్టిపడేసే నికోటిన్‌ని పొగ లేకుండా కొద్దికొద్దిగా అందిస్తుంది. ఒకరికి ఎక్కిళ్ళు ఆగట్లేదు. ఇంకొకరికి గుండెల్లో మంట. "వికారంగా ఉందండీ, ఇంతకంటే సిగరెట్టే నయమనిపించి రెండు తాగేశాను" అని మరొకరు. తప్పు నాదే. "గమ్ నమలండి" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోయాను. నమలమంటే ఎవరైనా నములుతారు.

దాన్ని నమలకూడదు. కొరికి, బుగ్గన దాచుకోవాలి. గమ్‌లోని నికోటిన్ సరిగ్గా ఒంటికి పట్టేది నోటి లోపలి పొర గుండా. బబుల్ గమ్‌లా గబగబా నమిలితే అదంతా ఒక్కసారి ఉమ్మిలోకి దిగుతుంది, మీరు మింగేస్తారు. ఆ ఎక్కిళ్ళు, ఆ మంట, ఆ వికారం అందువల్లే. పైగా కడుపులోకి వెళ్ళిన నికోటిన్ రక్తంలో కలిసేముందు కాలేయం దాటాలి. చాలా భాగం అక్కడే విరిగిపోతుంది. బాధంతా మీరు పడతారు, మందు మాత్రం సగం కూడా అందదు.

పద్ధతి ఇది. నాలుగైదు సార్లు మెల్లగా కొరకండి. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. వెంటనే ఆపేసి, చిన్నప్పుడు నిమ్మతొన బిళ్ళ బుగ్గన పెట్టుకున్నట్టు బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేయండి. చురుకు తగ్గాక మళ్ళీ రెండు కొరుకులు, ఈసారి రెండో బుగ్గన. అరగంట అయ్యాక తీసేయండి. ఇది 2 మి.గ్రా., 4 మి.గ్రా.లలో దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే వాళ్ళకి 2 సాధారణంగా సరిపోదు, డాక్టరుతో మాట్లాడి ఎక్కువది తీసుకోండి. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టరును అడగకుండా అసలు మొదలుపెట్టకండి.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే సంగతికి వస్తాను. టీ తాగుతూ గమ్. ఎంతమంది చేస్తున్నారో! నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఆ పొర దాటదు. గమ్ తయారుచేసేటప్పుడే పులుపుని తగ్గించే క్షారం కలుపుతారు, నోరు సరైన స్థితిలో ఉండాలని. మీరు దాని మీద కాఫీ పోస్తే ఆ ఏర్పాటంతా పోతుంది. కాఫీ ఒక్కటే కాదు. టీ, నిమ్మసోడా, కూల్ డ్రింకు, బత్తాయి రసం, పుల్ల మజ్జిగ, అన్నీ అంతే. పులిహోర తిని నోరు పుక్కిలించకుండా గమ్ వేసుకున్నా అంతే. మధ్యాహ్నం చారన్నం తర్వాత సిగరెట్ తాగే అలవాటున్నవాళ్ళు ఆ నిమిషానికే గమ్ వేసుకుంటున్నారు. అది పనిచేయక "గమ్ నాకు పడలేదు" అంటున్నారు. గమ్‌కి ముందు పావుగంట, గమ్ నోట్లో ఉన్నంతసేపు, ఏమీ తినకండి, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకండి.

మరి టీ టైములో నాలుక పీకేస్తుంటే? వరస మార్చాలి. మీ టీ 11 గంటలకైతే 10.15కి గమ్ వేసుకోండి. 10.45కి తీసేయండి. గమ్‌లోని నికోటిన్ రక్తంలో పెరగడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. సిగరెట్‌లా క్షణాల్లో తలకెక్కదు. కాబట్టి టీ బండి దగ్గర నిలబడేసరికి అది ముందే ఒంట్లో ఉండాలి. అక్కడికి వెళ్ళి, పక్కవాడి పొగ పీల్చి, అప్పుడు జేబు తడుముకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

టీ గురించి ఇంకొకటి. మానేశాక చేతులు వణుకుతున్నాయి, నిద్ర పట్టట్లేదు, ఊరికే టెన్షన్‌గా ఉంది అని చాలామంది రాశారు. అందులో కొంత నికోటిన్ లేనందువల్లే. కానీ అంతా అదే కాదు. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని మామూలు కంటే వేగంగా అరగదీస్తుంది. ఆ పని చేసేది పొగలోని తారు పదార్థాలు, నికోటిన్ కాదు. పొగ ఆగిన కొద్దిరోజులకి ఆ వేగం తగ్గిపోతుంది. మీరు తాగేది అవే ఐదు టీలు, రక్తంలో కెఫీన్ మాత్రం దాదాపు రెట్టింపు. అందుకే మానేసిన మొదటి వారం నుంచే టీ, కాఫీ సగానికి తగ్గించండి. ఆస్తమాకి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్ళకీ ఇదే జరుగుతుంది, మోతాదు తగ్గించాలేమో డాక్టరును తప్పక అడగండి.

ఇక చెయ్యి. రోజుకో పెట్టె, పెట్టెకి 20, ఒక్కోదానికి పది దమ్ములనుకున్నా రోజుకి 200 సార్లు చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. ఏడాదికి 73,000. నేను మానేసిన ఐదు నెలల తర్వాత కూడా బస్సు దిగగానే నా చెయ్యి చొక్కా జేబులోకి పోయేది. యావ లేదు, మనసులో సిగరెట్ లేదు, చెయ్యి మాత్రం వెళ్ళేది. అప్పుడు చాలా భయపడ్డాను, మళ్ళీ మొదటికొచ్చానేమోనని. అలా కాదు. నికోటిన్ లేని బాధ మొదటి మూడు రోజుల్లో ముదిరి, నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది. చేతికి అంత త్వరగా మరుపు రాదు.

నాకు పనిచేసిన ఉపాయం చిన్నది. కుడిచేత్తో సిగరెట్, ఎడమచేత్తో గ్లాసు నా వాటం. గ్లాసు కుడిచేతికి మార్చాను. నిలబడి తాగేవాణ్ణి, కూర్చుని తాగడం మొదలుపెట్టాను. జేబులో లవంగాలు, ధనియాల పప్పు. ఎండు ఉసిరి నాకు అన్నిటికంటే ఇష్టం, కానీ అది పులుపు, గమ్ వాడే రోజుల్లో వద్దు. వక్కపొడి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. పొగాకు కలపకపోయినా వక్క నోటి క్యాన్సర్ తెస్తుంది.

మధ్యలో ఒకటి తాగేసినవాళ్ళు మానేసిన తేదీ మార్చకండి. ఎక్కడ, ఎవరితో, ఏ టైముకి అని రాసుకుని, ఆ సాయంత్రం నుంచే కొనసాగించండి. కానీ "రోజుకి ఒక్కటే కదా, లూజు కొనుక్కుంటాను" అనే ఒప్పందానికి దిగకండి. రోజుకి 20 తాగేవాళ్ళకి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానికే ఉంటుంది.

అభ్యాసం. ఈ వారం మూడు రోజులు టీ బండి వైపు వెళ్ళకండి. నాలుగో రోజు మీరు ఎప్పుడూ సిగరెట్లు కొనే కొట్టుకే వెళ్ళండి, ఖాళీగా ఉన్న టైము చూసుకుని. ఆయనతో నోరు తెరిచి చెప్పండి: "అన్నా, మానేశాను. నేనడిగినా ఇవ్వకు." ఖాతా బాకీ ఉంటే తీర్చేయండి. ఐదు, ఆరు, ఏడో రోజుల్లో మీ టీ బండి దగ్గరే, గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఒక టీ పూర్తిగా తాగి రండి. యావ వస్తే వాచీ చూడండి, ఎన్ని నిమిషాలు ఉందో పుస్తకంలో రాయండి. కష్టమనిపిస్తే 1800-11-2356కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉండేది. ఇప్పుడు మీ దగ్గర పెట్టె లేదు కాబట్టి ఫోన్లో వేసుకోండి.

వచ్చే పాఠం పెళ్ళిళ్ళ గురించి, మందుకి కూర్చున్న రాత్రుల గురించి. మీరు రాసుకున్న నిమిషాల లెక్క అప్పుడు కావాలి.