వేసవిలో ఫ్లోరెన్స్: ఎండకి, మెట్లకి, కెమెరాలకి ముందే సిద్ధపడండి

ఇటలీలోని ఫ్లోరెన్స్ ఆర్నో నది ఒడ్డున, చుట్టూ కొండలున్న పల్లపు నేలలో ఉంది. గాలి సరిగా ఆడదు. జులై, ఆగస్టుల్లో 35 డిగ్రీలు దాటే రోజులు మామూలే. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకి ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ మన ఊళ్లో 44 ఉన్నప్పుడు మిట్టమధ్యాహ్నం ఇల్లు కదలం. ఇక్కడేమో టికెట్లు కొన్నాం కదా అని పొద్దుట్నుంచి రాత్రిదాకా రాతి వీధుల్లో నడుస్తూనే ఉంటాం. పాత ఊళ్లో చెట్ల నీడ చాలా తక్కువ. రోజంతా కాగిన రాయి సాయంత్రం కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. జులైలో పొద్దుగూకేసరికి దాదాపు రాత్రి తొమ్మిదవుతుంది. అందుకే ఏవేవి చూడాలో రాసుకునే ముందు, ఏది ఏ పూట చూడాలో తేల్చుకోండి. ఎక్కేవి పొద్దున్నే. మ్యూజియాలు మధ్యాహ్నం. వంతెనలు, పియాజ్జాలు (ఊరి చౌకులు) సాయంత్రం ఆరు దాటాకే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఊళ్లోని పెద్ద చర్చి, అంటే కెథడ్రల్ గుమ్మటం ఎక్కే విషయం. 463 మెట్లు, లిఫ్టు లేదు. 1420 నుంచి 1436 దాకా వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి కట్టించిన ఈ గుమ్మటం నిజానికి ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గుమ్మటాలు. మెట్లదారి ఆ రెండింటి మధ్య సందులోంచే పైకి పోతుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ గోడ మీదికి వాలుతుంది, దారి ఒక మనిషి పట్టేంతే ఉంటుంది, వెలుతురుకీ గాలికీ చిన్న చిన్న కిటికీలే దిక్కు. మధ్యలో వసారీ, జుక్కరీ అనే చిత్రకారులు గీసిన ‘అంతిమ తీర్పు’ చిత్రాల కింద సన్నటి నడవ మీదికి వస్తాం. తల ఎత్తితే బొమ్మలు, తల దించితే ఎక్కడో అడుగున చర్చి నేల. ఎత్తంటే భయమున్నవాళ్లకి కళ్లు తిరిగేది ఇక్కడే. వెనక జనం వస్తూనే ఉంటారు కాబట్టి సగంలో వెనక్కి తిరగడం కష్టం.

గుండె జబ్బు, ఆస్తమా, మోకాళ్ల నొప్పులు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఎక్కకపోవడమే మంచిది. యూరప్‌లో ఉద్యోగాలు చేస్తూ అమ్మానాన్నల్ని వేసవికి రప్పించుకునేవాళ్లు ‘మెల్లగా ఎక్కుదాంలే నాన్నా’ అని బయల్దేరదీయకండి. పక్కనున్న జొత్తో గంటస్తంభానికీ 414 మెట్లే, లిఫ్టు లేదు, కానీ మధ్య మధ్య అంతస్తుల్లో ఆగి గాలి పీల్చుకోవచ్చు. అసలు ఎక్కలేనివాళ్లని బస్సులో కొండమీదున్న పియాజ్జాలే మికెలాంజెలో చౌకుకి తీసుకెళ్లండి. గుమ్మటం అందంగా కనబడేది గుమ్మటం మీంచి కాదు, అక్కణ్ణుంచే.

గుమ్మటానికి తేదీ, సమయం ముందే బుక్ చేసుకోవాలి, తర్వాత మార్చుకోవడం కుదరదు. పొద్దుటి మొదటి సమయమే తీసుకోండి. లోపలికి దారి చర్చికి ఉత్తరం వైపున్న పోర్టా దెల్లా మాందోర్లా. ముందువైపు కనబడే పొడుగాటి క్యూ ఉచితంగా చర్చి చూసేవాళ్లది. అందులో నిలబడితే మీ సమయం దాటిపోతుంది. బ్యాగులు పైకి తేనివ్వరు, వాటిని అప్పజెప్పే చోటు వేరే ఉంటుంది. కనీసం అరగంట ముందే చేరండి. చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బ్యాగులో ఒక నూలు చున్నీ ఉంటే సరిపోతుంది.

సోమవారం ఉఫీజీ, అకాదెమియా మ్యూజియాలు రెండూ మూసేస్తారు. ఆ రోజుకి పాత రాజభవనం పలాజ్జో వెక్కియో పెట్టుకోండి. అది గురువారం మాత్రం మధ్యాహ్నం రెండుకే మూస్తారు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, కానీ ఎండలో క్యూ భరించలేం. ఆగస్టు 15న వాళ్లకి ఫెర్రాగోస్తో పండగ, ఆ చుట్టుపక్కల వారం చాలా హోటళ్లు, కొట్లు తెరవరు. టికెట్లు మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. అదే పేరుని పోలిన సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి.

నీళ్లు దాహం వేయకముందే తాగాలి. సీసా దగ్గరుంచుకుని వీధి కుళాయిల దగ్గర నింపుకోండి, మంచినీళ్లే. చెమట బాగా పట్టినప్పుడు ఉత్త నీళ్లు చాలవు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటినుంచే తెచ్చుకోండి. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టర్ని అడగాలి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే ఆ రోజుకి తిరుగుడు ఆపేసి చల్లటి చోట పడుకోబెట్టండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే 112కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోగా ఒంటిమీద నీళ్లు చల్లుతూ విసరండి. షెంగెన్ వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా కాగితం హోటల్ గదిలో కాదు, ఫోన్‌లో ఉండాలి.

అద్దె కారుంటే పాత ఊళ్లోకి నడపకండి. అదంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి ఉన్న బళ్లకే. తెల్లటి గుండ్రటి బోర్డుకి ఎర్ర అంచు, పైన కెమెరా ఉంటుంది. ఆపేవాళ్లెవరూ ఉండరు, అందుకే తప్పు చేశామని కూడా తెలియదు. నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. ఎన్ని కెమెరాలు దాటితే అన్ని జరిమానాలు పడొచ్చు, కారు కంపెనీ రుసుము అదనం. ఎ1 హైవే మీదే ఉన్న విల్లా కొస్తాంజా పార్కింగ్‌లో కారు వదిలి టీ1 ట్రామ్ ఎక్కితే ఈ బాధే లేదు.

గది బుక్ చేసేటప్పుడు ఏసీ, లిఫ్టు ఉన్నాయా అని రెండూ విడివిడిగా అడగండి. పాత భవనాల్లో మూడో అంతస్తుకి కూడా మెట్లే ఉంటాయి. చిరునామాలో అంకె పక్కన ‘ఆర్’ ఉంటే అది దుకాణాలకి ఎర్ర రంగులో ఇచ్చే నంబర్ల వరస. ఇళ్లకి వేరే వరస ఉంటుంది, కాబట్టి 20 పక్కన 20ఆర్ ఉండాలని లేదు. ఇది తెలియక పెట్టెలు ఈడ్చుకుంటూ ఎండలో వీధంతా తిరుగుతారు.

శాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్లో, కిక్కిరిసిన బస్సుల్లో పర్సు ముందు జేబులో ఉంచుకోండి. వీధిలో అమ్మకానికి నేలమీద పరిచిన చిత్రాల్ని తొక్కితే డబ్బు కట్టమని గొడవకొస్తారు, కిందికి చూసి నడవండి. నకిలీ బ్రాండు బ్యాగు కొంటే అమ్మినవాడికే కాదు, కొన్నవాళ్లకీ జరిమానా. శాకాహారులు లాంప్రెదొత్తో అన్న బోర్డు చూసి ఆగొద్దు, అది ఆవు పొట్టతో చేస్తారు. సాయంత్రం నది పక్కన కూర్చునేముందు కాళ్లకి దోమల క్రీము రాసుకోండి.