రహీమ్ సాబ్ పేరున ఒక రోజు: హైదరాబాద్ పోలీస్ జట్టును ఆటతో తలుచుకోవడం ఎలా

ఫొటోకు దండ వేసి, నలుగురు మాట్లాడి, టీలు తాగి లేచిపోయే సభ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కు సరిపోదు. ఆయన వృత్తిరీత్యా టీచరు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. ఆయన చేతిలో పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950లోనే కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ తెచ్చింది. కుర్రాళ్ల కోసం ఆయన డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ పోవడం) లేని పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. ఆ రెండూ మళ్లీ గ్రౌండులో కనబడాలి. ఎనిమిది జట్లు, ఒక పెద్ద గ్రౌండు, ఒక రోజు ఉంటే చాలు.

తేదీకి మూడు దారులున్నాయి. ఆగస్టు 17 ఆయన పుట్టినరోజు (1909), జూన్ 11 వర్ధంతి, సెప్టెంబరు 4 ఆయన కోచ్‌గా భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన రోజు. జూన్‌లో బడులు అప్పుడే తెరుస్తుంటాయి కాబట్టి పిల్లలు దొరకరు. ఆగస్టు 17 మంచిదే గానీ, రెండు రోజుల ముందే జెండా పండుగకు అదే గ్రౌండులో షామియానాలు వేసి ఉంటారు. ముందురోజు సాయంత్రం నలుగురు వరసగా నడుస్తూ మేకులు, గుంజల గుంతలు వెతకాలి. గుంతల్లో మట్టి పోసి తొక్కాలి. ఇసుక పోసి వదిలేస్తే వానకు జారిపోయి మడమలు మెలిపడతాయి.

నూరు మీటర్ల పొడవున్న గ్రౌండును అడ్డంగా చీలిస్తే 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పుతో పక్కపక్కనే రెండు చిన్న గ్రౌండ్లు వస్తాయి. మధ్యలో కనీసం 6 మీటర్ల ఖాళీ వదలండి. జట్టుకు ఏడుగురు ఆడతారు, ముగ్గురు అదనం. సగానికి 12 నిమిషాలు, మధ్యలో 2, జట్లు మారడానికి 4, మొత్తం అరగంట. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు చేస్తే లీగ్ మ్యాచ్‌లు 12. రెండు గ్రౌండ్లలో ఏడింటికి మొదలుపెడితే పదింటికి అయిపోతాయి. సెమీస్ 10.15కు, ఫైనల్ సాయంత్రం 4.30కు. ప్రతి జట్టుకూ మూడు లీగ్ మ్యాచ్‌లు కాబట్టి మొదటిది డ్రిబ్లింగ్ లేకుండా, రెండోది వాటం లేని కాలితో, మూడోది మామూలుగా ఆడించండి. సెమీస్ డ్రిబ్లింగ్ లేకుండా, ఫైనల్ మామూలుగా.

డ్రిబ్లింగ్ లేని ఆట అనగానే "మరి ఎన్ని టచ్‌లు?" అన్న గొడవ వస్తుంది. మూడని ముందే తేల్చి చెప్పండి: ఆపడం, సర్దుకోవడం, ఇవ్వడం. నాలుగో టచ్‌కు ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (దాన్ని నేరుగా కొడితే గోల్ కాదు). పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే నాలుగు టచ్‌లు ఇవ్వండి. ఎదుటివాడి కాలికి తగిలి వచ్చింది లెక్కలోకి రాదు, గోల్‌కీపర్‌కు లెక్కే లేదు. రిఫరీ ఒక్కడే లెక్కపెడితే ఫౌల్ చూడలేడు. గీత బయట ఇంకొకరు నిలబడి "ఒకటి, రెండు, మూడు" అని పైకి అరవాలి. ఆ అరుపు రెండు నిమిషాలు పిల్లల్ని కంగారు పెడుతుంది. తర్వాత బంతి రాకముందే తల తిప్పి, ఎవరికి ఇవ్వాలో చూసుకోవడం మొదలుపెడతారు. రహీమ్ సాబ్ కోరుకున్నది అదే. కొన్ని జట్లు తప్పించుకోవడానికి బంతిని ఆకాశంలోకి తన్నేస్తాయి. దానికి విరుగుడుగా గోల్‌కీపర్ బంతిని తన సగంలోని ఆటగాడికే దొర్లించాలని నియమం పెట్టండి.

వాటం కాలి విషయంలో పిల్లల మాట నమ్మి రాసుకోవద్దు, గెలవాలన్న ఆశతో తిప్పి చెబుతారు. ఏ కాలితో అని అడగకుండా ఎదురుగా బంతిని మూడుసార్లు దొర్లించి తన్నమనండి. కనీసం రెండుసార్లు లేచిన కాలే వాటం కాలు. ఆ కాలి మేజోడు మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. చర్మం మీద వద్దు, బిగించనూ వద్దు. టేపు కాలితో తంతే ఫౌల్, బంతి తానుగా వచ్చి తగిలితే కాదు. పెనాల్టీలు కూడా అదే లెక్క. అలవాటు లేని కాలితో గట్టిగా విసరబోతే గజ్జల దగ్గర కండరం పట్టేస్తుంది, అందుకే ఈ మ్యాచ్‌కు ముందు పది నిమిషాలు వామప్ తప్పనిసరి. స్కోర్లు 0-0గా మిగిలినా కంగారు పడకండి, చెరి మూడు పెనాల్టీలతో తేల్చండి.

ఆ కాలపు ఆటలా ఉండాలని పిల్లల్ని బూట్లు లేకుండా మాత్రం ఆడించకండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారన్నది నిజమే. అది బోర్డు మీద రాస్తే చాలు.

బోర్డులు ఆరు చేయించండి, మూడడుగులకు నాలుగడుగులు. ఒక్కోదానిలో 60 మాటలకు మించొద్దు. తెలుగు పక్కనే ఉర్దూ కూడా ఉంటే పాతబస్తీ పెద్దలు ఆగి చదువుతారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను ఫ్లెక్స్ మీదికి పెంచితే ముఖాలు చెదిరిపోతాయి. అసలు ప్రింటు తెచ్చి, 4 అంగుళాలకు 6 అంగుళాలదైతే 600 డీపీఐలో స్కాన్ చేయండి. 12 అంగుళాలకు 18 అంగుళాల వరకు శుభ్రంగా నిలబడుతుంది. కుటుంబం అనుమతి కాగితం మీద తీసుకోండి.

రాతల్లో పొరపాట్లు ఎక్కువగా దొర్లేది పేర్ల దగ్గరే. 1961లో డ్యూరాండ్ గెలిచిన ఆంధ్ర పోలీస్ ఈ జట్టే, పేరు మాత్రం మారింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీల్లో 1956, 1957వి హైదరాబాద్ రాష్ట్ర జట్టువి, పోలీస్ క్లబ్బు ఖాతాలో రాయకూడదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకు దీంతో సంబంధం లేదు. ఈ జట్టు ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్‌లు పోలీస్ బోర్డు మీద ఉండాలి. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కు దేశమంతా పేరొచ్చింది కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో, ఆయనకు వేరే బోర్డు పెట్టండి.

జకార్తాకు ఒక బోర్డు పూర్తిగా ఇవ్వండి. 1962 ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సెంటర్ ఫార్వర్డ్‌గా (గోల్ కొట్టే ముందు వరసలో) దింపారు, అతను గోల్ కొట్టాడు. అప్పటికే కోచ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. తొమ్మిది నెలలకు, 53 ఏళ్లకే పోయారు.

పాత ఆటగాళ్లను ఎండెక్కకముందే, ఎనిమిదిన్నరకు పిలవండి. ఇంటికి కారు పంపండి, చేతులున్న కుర్చీలు నీడలో వేయండి, స్టేజీ ఎక్కించొద్దు. మైకిచ్చి "నాలుగు మాటలు చెప్పండి సాబ్" అంటే మర్యాద మాటలే వస్తాయి. "ప్రాక్టీసు ఎన్నింటికి మొదలయ్యేది సాబ్? ఆలస్యమైతే ఏం చేసేవారు?" అని అడగండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి అడుగు దూరంలో ఉంచి రికార్డు చేయండి. ఆ రాత్రే రెండు చోట్ల దాచండి, ఫైలు పేరులో ఆయన పేరూ తేదీ రాయండి.