చెక్కిన ఎర్ర కుండ: శాంటా క్లారా వాళ్లలా ఎలా చేయాలి?

అమెరికాలోని న్యూ మెక్సికోలో, రియో గ్రాండే లోయలో శాంటా క్లారా ప్యూబ్లో అనే ఆదివాసీల ఊరుంది. అక్కడి సంప్రదాయంలో కుమ్మరి సారె లేదు, అంతా చేతి పనే. ఈ ఊరి మార్గరెట్ టఫోయా (1904–2001) చేసిన పెద్ద పెద్ద చెక్కుడు కుండలకు 1984లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ (సంప్రదాయ కళాకారులకు అమెరికా ఇచ్చే జాతీయ గౌరవం) వచ్చింది.

ముందు మట్టి. నీళ్లలో నానబెట్టి, రాళ్లూ వేర్లూ పోయేలా వడగట్టండి. అక్కడ ఇందులో అగ్నిపర్వతపు బూడిద కలుపుతారు. మీరు సన్నటి ఇసుక కలపండి, లేకపోతే ఆరేటప్పుడే పగుళ్లిస్తుంది.

అడుగును ఒక పళ్లెంలో నిలబెట్టి, మట్టిని తాళ్లలా పేని ఒకదానిమీద ఒకటి చుట్టండి. అతుకులు కనిపించకుండా వేళ్లతో కలిపేసి, ఎండిన సొరబుర్ర ముక్కతో లోపలా బయటా గీకండి. గోడ మాత్రం మామూలు కుండ కన్నా మందంగా ఉంచాలి. చెక్కాల్సింది అందులోనే కదా!

చెక్కడానికి సరైన అదను ఒకటుంటుంది. గోరు నొక్కితే గుర్తు పడాలి, చేతికి మాత్రం అంటకూడదు. మరీ పచ్చిగా ఉంటే అంచులు జారిపోతాయి, బాగా ఆరితే పెచ్చులూడతాయి. పెన్సిల్‌తో బొమ్మ గీసుకుని, చుట్టూ ఉన్న మట్టిని గోడ మందంలో సగం దాటకుండా తీసేయండి. బొమ్మ పైకి తేలుతుంది. వాళ్లు ఎక్కువగా చెక్కేది అవన్యు అనే కొమ్ముల నీటిపాముని. ఎలుగుబంటి పాదం గుర్తు కూడా ఉంటుంది, కరువులో ఎలుగే నీళ్ల చోటు చూపించిందని చెప్పుకుంటారు. అవి వాళ్ల గుర్తులు. మీరు మీ ఇంటి ముగ్గు గీసుకోండి, అదే అందం.

పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఎర్రమట్టి కలిపిన పల్చటి పూత వేయండి. తడి ఆరకముందే ఏటి గులకరాయితో ఉబ్బెత్తు భాగాలను మెరిసేదాకా రుద్దాలి. అసలు టెన్షన్ ఇక్కడే. మధ్యలో ఫోన్ ఎత్తారా, పూత ఆరిపోతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే. అక్కడ ఈ రాళ్లు తల్లి నుంచి కూతురికి వస్తాయి. చెక్కిన లోతుల్ని మెరిపించనక్కర్లేదు, ఆ తేడాతోనే బొమ్మ కనిపిస్తుంది.

కాల్చడం గాలి లేని ఉదయం, ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టుకోండి. ముందు కుండను బాగా వెచ్చబెట్టండి, తడి మిగిలితే పేలుతుంది. ఇనుప జాలీ మీద బోర్లించి, కింద కట్టెలు పేర్చి, కుండకు రేకులు అడ్డం పెట్టి, చుట్టూ పిడకలు నిలబెట్టండి. కట్టె గానీ పిడక గానీ కుండకు తగిలితే అక్కడ నల్ల మచ్చ పడుతుంది. మంటకు గాలి ఆడుతూనే ఉండాలి. ఇదే కుండను మంట మధ్యలో పేడపొడితో కప్పేసి గాలి ఆపితే నల్లగా వస్తుంది, శాంటా క్లారా నల్ల కుండల కిటుకు అదే.

మంట ఆరాక వెంటనే తీయకండి, చల్లారనివ్వండి. తర్వాత కూడా ఈ కుండలో నీళ్లు మాత్రం పోయొద్దు. కుండ చెమ్మగిల్లి, మీరు గంటలకొద్దీ తెచ్చిన మెరుపు పోతుంది.