పాత పాస్‌వర్డ్ చూపించి బెదిరించే మెయిల్: రాకముందే తెలుసుకోవాల్సినవి

సబ్జెక్ట్ లైన్‌లో మీ పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ ఉండదు. ఎప్పుడో వాడి వదిలేసినదే అయినా అక్షరం పొల్లుపోకుండా మీదే. గుండె గుభేల్‌మనడానికి అది చాలు. ఇక లోపల: 'నీ కంప్యూటర్‌లోకి చొరబడ్డాను. నువ్వు అశ్లీల సైట్లు చూస్తుంటే నీ కెమెరాతోనే వీడియో తీశాను. నీ కాంటాక్ట్‌లన్నీ నా దగ్గరున్నాయి. 48 గంటల్లో బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంపేస్తాను.'

పాస్‌వర్డ్ చూపించి బెదిరించే ఈ తరహా మెయిళ్లు 2018 జూలై ప్రాంతంలో వెల్లువలా మొదలయ్యాయి, ఇప్పటికీ ఆగలేదు. వచ్చిన క్షణంలో ఎవరికీ బుర్ర సరిగా పనిచేయదు. అందుకే ఈ సంగతులు ప్రశాంతంగా ఉన్నప్పుడే తెలుసుకుని పెట్టుకోవాలి.

ఆ మెయిల్ మొత్తంలో నిజమైనది పాస్‌వర్డ్ ఒక్కటే. అదెలా దొరికిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. వాడు దాన్ని మీ కంప్యూటర్‌లోంచి తీయలేదు. మీరు ఎప్పుడో ఖాతా తెరిచిన ఏదో సైటు సర్వర్ నుంచి దొంగిలించిన జాబితాలో అది ఉంది. లింక్డ్‌ఇన్ సంగతే చూడండి. 2012లో దాని డేటా పోయినప్పుడు బయటికి కనిపించినవి 65 లక్షల పాస్‌వర్డ్‌లే. నాలుగేళ్ల తర్వాత, 2016లో, 11 కోట్లకు పైగా ఇమెయిల్, పాస్‌వర్డ్ జంటలు అమ్మకానికి వచ్చాయి. ఆ సంస్థ పాస్‌వర్డ్‌లను హ్యాష్‌గా, అంటే లెక్కగట్టి తీసిన గజిబిజి అక్షరాల వరుసగా, మార్చి దాచింది గానీ, అప్పట్లో వాటికి సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కూ విడిగా జోడించే యాదృచ్ఛిక అక్షరాలు) కలపలేదు. అంటే ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వాళ్లందరికీ ఒకే హ్యాష్. అలాంటివాటిని తిరిగి మామూలు అక్షరాల్లోకి తెచ్చుకోవడం దొంగలకు పెద్ద పని కాదు. అడోబీ నుంచి 2013లో పోయినవి 15 కోట్ల పైచిలుకు. అదే ఏడాది జరిగిన చోరీలో యాహూ ఖాతాలు మొత్తం 300 కోట్లూ బాధితులేనని తర్వాత తేలింది. ఇలాంటి పాత జాబితాలన్నీ కుప్పపోసి 'కలెక్షన్ 1' పేరుతో 2019 జనవరిలో బయటపడిన మూటలోనే 77 కోట్ల ఇమెయిల్ చిరునామాలున్నాయి.

ఆ జాబితా ఒక ప్రోగ్రామ్‌కు ఇస్తే చాలు, ఖాళీల్లో మీ చిరునామా, మీ పాస్‌వర్డ్ నింపి లక్షల మెయిళ్లు అదే పంపేస్తుంది. మీకొచ్చిన మెయిల్ వెనకున్న మనిషి మిమ్మల్ని చూసిందీ లేదు, మీ పేరు చదివిందీ లేదు.

కావాలంటే ఆ మెయిల్‌నే ఇంకోసారి నిదానంగా చదవండి. మీరు చూశారంటున్న సైటు పేరు ఉండదు, తేదీ ఉండదు. కాంటాక్ట్‌లన్నీ ఉన్నాయంటాడు, ఒక్క పేరైనా రాయడు. నిజంగా వీడియో ఉన్నవాడు అందులోంచి ఒక్క ఫొటో అయినా జత చేయడా? బేరం తెగాలంటే సరుకు చూపించాలి కదా. మెయిల్‌లోని ఒక వాక్యాన్ని (పాస్‌వర్డ్ ఉన్నది కాదు) కాపీ చేసి సెర్చ్ చేయండి. అవే మాటలు, అదే బెదిరింపు వేరేవాళ్లకూ వచ్చినట్టు తరచుగా కనిపిస్తుంది.

కొన్ని మెయిళ్లు మీ అడ్రస్ నుంచే మీకు వచ్చినట్టు ఉంటాయి. 'చూశావా, నీ ఖాతా నా చేతిలో ఉంది' అని వాడి డాబు. ఉత్తరం కవరు వెనక పంపినవారి పేరు ఎవరిదైనా రాయొచ్చు, పోస్ట్‌మ్యాన్ అడగడు. ఇమెయిల్ మొదట్నుంచీ అంతే. మెయిల్ నిజంగా ఆ అడ్రస్ తాలూకు చోటు నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు తర్వాత వచ్చాయి, కానీ అన్ని చోట్లా గట్టిగా అమలు కావు. అనుమానం తీరకపోతే మీ ఖాతాలో పంపిన మెయిళ్లు, లాగిన్ వివరాలు చూసుకోండి. తెలియని పరికరం ఏదీ కనబడకపోతే ఆ డాబును పట్టించుకోనక్కర్లేదు.

ఈమధ్య వేషం కాస్త మారింది. ఫోన్ నంబర్ రాస్తున్నారు, ఇంటి ముందు వీధి ఫొటో పెడుతున్నారు, 'పెగాసస్ (ఫోన్లపై నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కించాను' అంటున్నారు, ఇదంతా పీడీఎఫ్‌లో పెట్టి పంపుతున్నారు. నంబరు, చిరునామా కూడా లీకైన జాబితాల్లో దొరికేవే. వీధి ఫొటో ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎవరికైనా కనిపించేదే. ఇక పెగాసస్ ప్రభుత్వాలకు అమ్మే సరుకు, దానితో గంపగుత్తగా స్పామ్ పంపేవాడెవడూ ఉండడు.

నాకొచ్చిన మెయిల్ గురించి చెబుతాను. అందులోని పాస్‌వర్డ్ చూడగానే ఏ సైటుదో తెలిసిపోయింది. ఆ రోజుల్లో నాకో అలవాటు: అన్నిచోట్లా ఒకే మాట, చివర ఆ సైటు పేరులోని మొదటి మూడు అక్షరాలు. ఎప్పుడో చేరి, రెండు నెలలు వాడి, ఆ ఊసే మర్చిపోయిన సైటు అది. దొంగ దొరికాడన్న తృప్తి అరనిమిషం కూడా నిలవలేదు. ఆ చివరి మూడక్షరాలు చూస్తే నా మిగతా పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా ఊహించేయొచ్చు! గొప్ప తెలివి అనుకున్నది కాస్తా ఉత్త తాళాల గుత్తి అయింది. అసలు భయపడాల్సింది అక్కడ, లేని వీడియో గురించి కాదు.

కాబట్టి మెయిల్ వచ్చిన రోజు చేయాల్సింది తక్కువే. జవాబివ్వొద్దు, తిట్టడానికి కూడా. ఇస్తే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాడికి మీరే చెప్పినట్టు. లింకులు నొక్కొద్దు, జతచేసిన ఫైలు తెరవొద్దు. డబ్బు అసలే పంపొద్దు. బిట్‌కాయిన్ వెళ్లిందంటే వెనక్కి రప్పించే బ్యాంకు లేదు, పైగా భయపడి కట్టేవాళ్ల జాబితాలో మీరు చేరిపోతారు. స్పామ్ అని రిపోర్ట్ చేసి వదిలేయండి. పోలీసులకు ఫిర్యాదు చేయాలనుకుంటే మాత్రం మెయిల్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో దాని హెడర్లలోనే, అంటే మామూలుగా కనిపించని సాంకేతిక వివరాల్లోనే, ఉంటుంది.

ఆ తర్వాత మీరు మీకు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పాస్‌వర్డ్‌ను, లేదా దానికి చుట్టమైన ఇంకోదాన్ని, ఇప్పటికీ ఎక్కడైనా వాడుతున్నానా? అవునైతే ఆ పూటే మార్చాలి. అవే జాబితాలతో వేరేవాళ్లు వందల సైట్లలో లాగిన్ ప్రయత్నిస్తుంటారు. వాళ్లు మెయిల్ రాసి హెచ్చరించరు. మొదట ఇమెయిల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటి రీసెట్ లింకులు వచ్చేది అక్కడికే. తర్వాత డబ్బుతో ముడిపడినవి, ఆ తర్వాత సోషల్ మీడియా. సైటు అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఇమెయిల్ సెట్టింగుల్లో ఇంకో చోట కూడా చూడాలి, చాలామంది మర్చిపోయేది ఇదే: మీ మెయిళ్లు తెలియని అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతున్నాయా? రికవరీ నంబర్ మీదేనా? పాస్‌వర్డ్ ఎంత మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే ఉంటే లాభం లేదు.

పాతదానికి చివర 1 తగిలించడం మార్చడం కాదు. ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు కాబట్టి వాటన్నిటినీ దాచిపెట్టే యాప్, అంటే ఒక పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి. ముఖ్యమైన ఖాతాలకు రెండో దశ ధృవీకరణ పెట్టండి. ఎస్ఎంఎస్ కంటే యాప్‌లో వచ్చే కోడ్ మేలు, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) అవకాశముంటే ఇంకా మేలు.

మీ చిరునామా ఏయే లీకుల్లో ఉందో చూసుకోవడానికి సైబర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైటు ఉంది. అందులో పాస్‌వర్డ్ పరీక్షించే చోట మీరు టైప్ చేసింది బయటికి పోదు. దాని హ్యాష్‌లోని మొదటి ఐదు అక్షరాలే వెళతాయి. 'మీ పాస్‌వర్డ్ భద్రమేనా, ఇక్కడ టైప్ చేయండి' అని పిలిచే ఊరూపేరూ లేని సైట్లలో మాత్రం దాన్ని కొట్టకండి. కెమెరాకు స్టిక్కర్ అంటించుకుంటే మనశ్శాంతి అనుకుంటే అంటించుకోండి. నేనూ అంటించాను.

ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, ముఖ్యంగా పెద్దవాళ్లకూ టీనేజీ పిల్లలకూ. ఈ వ్యాపారానికి పెట్టుబడి సిగ్గే. 'ఇలాంటి మెయిల్ ఒకటి తిరుగుతోందట' అని భోజనాల దగ్గర ఎవరో ఒకరు అని ఉంటే, అది వచ్చిన రోజు ఎవరూ తలుపేసుకుని ఒంటరిగా కుమిలిపోరు.

ఒక్క చోట మాత్రం పైన చెప్పిన ధీమా పనికిరాదు. అపరిచితులతో నిజంగానే వీడియో కాల్ మాట్లాడి ఉండి, లేదా ఫొటోలు పంపి ఉండి, అవతలివాడు వాటినే చూపిస్తుంటే అది ఉత్త బెదిరింపు కాదు. అప్పుడు కూడా డబ్బు కట్టొద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్‌లు, ఖాతా పేర్లు, అతడు ఇచ్చిన పేమెంట్ వివరాలు భద్రపరిచి, బ్లాక్ చేసి, పోలీసుల దగ్గరకు వెళ్లండి. ఫొటోలు వ్యాపించకుండా ఆపడానికి పెద్దవాళ్లకు 'స్టాప్ ఎన్‌సీఐఐ', 18 ఏళ్లలోపు తీసిన ఫొటోలైతే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవలున్నాయి. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని హ్యాష్ మాత్రమే ఇందులో చేరిన వేదికలకు అందుతుంది. ఇలాంటిది పిల్లలకు జరిగితే తిట్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు పక్కన కూర్చోండి.

నాకు ఆ మొదటి మెయిల్ తర్వాత ఇంకో మూడు వచ్చాయి. మూడింట్లోనూ అదే పాత పాస్‌వర్డ్, అదే 48 గంటల గడువు. అడిగే మొత్తం మాత్రం ప్రతిసారీ కాస్త తగ్గుతూ వచ్చింది.